ఇటీవల మీరు కొన్న తుపాకీ ఏది? కొన్న తరువాతే తెలిసివచ్చిన సంగతి ఏమిటి?

ప్రశ్న – ఓరుగల్లు గురి

అందరికీ నమస్కారం. నేను వరంగల్లులో ఒక డిగ్రీ కళాశాలలో అధ్యాపకుడిని. మూడేళ్ళుగా పది మీటర్ల ఎయిర్ పిస్టల్ అభ్యాసం చేస్తున్నాను. ఇన్నాళ్ళూ క్లబ్బువారి పిస్టలుతోనే నెట్టుకొచ్చి, గత నెలలో ఇంట్లో చెప్పీ చెప్పనట్టు చెప్పి, స్టెయిర్ ఎల్‌పీ 10 ఒకటి సెకండ్ హ్యాండులో కొన్నాను. రెండు గాలి సిలిండర్లు, పెట్టె, విడి మరలతో కలిపి లక్షా ఐదువేలు పడింది. సంక్రాంతికి ఇంటికి రంగులు వేయిద్దామని దాచిన డబ్బు అది. ఆ సంగతి మా ఇంట్లో ఇంకా చర్చలోనే ఉంది.

పిస్టల్ కొన్నానని తెలియగానే వీధిలోని వారందరూ అడిగిన మొదటి మాట లైసెన్సు గురించే. ఈ విషయంలో కొత్తవారికి ఉండే అయోమయం నాకూ ఉండేది కనుక ముందే చెబుతున్నాను. 2016 నాటి ఆయుధ నియమావళి ప్రకారం, పెల్లెట్ శక్తి 20 జౌళ్ళు మించకుండా, గొట్టం లోపలి వ్యాసం .177 అంగుళం, అంటే 4.5 మిల్లీమీటర్లు మించకుండా ఉన్న గాలి తుపాకులకు లైసెన్సు అక్కరలేదు. గుర్తింపు పత్రాలు ఇచ్చి కొనుక్కోవచ్చు. పోటీ పిస్టల్ నుంచి వెలువడే పెల్లెట్ అర గ్రాముకు కాస్త పైచిలుకు బరువుతో సెకనుకు నూటయాభై మీటర్ల వేగంతో పోతుంది. లెక్క వేస్తే ఆరు జౌళ్ళ దగ్గర తేలుతుంది. అంత మాత్రాన అది బొమ్మ కాదు. పెల్లెట్ కంటికి తగిలితే కన్ను పోతుంది.

ఇక నా ఇబ్బంది. క్లబ్బు పిస్టలుతో అరవై గుళ్ళకు, అంటే 600కు, 550 దరిదాపుల్లో ఉండే నా స్కోరు కొత్త పిస్టలుతో 538కి దిగింది. మొదటి నలభై గుళ్ళు బాగానే పడుతున్నాయి, చివరి ఇరవై మాత్రం ఎడమ వైపుకు జారిపోతున్నాయి. కళ్ళు మూసుకుని చెయ్యి ఎత్తి, ఆపై కళ్ళు తెరిచి చూసుకుంటే, గొట్టం కొసనున్న ముందు గురి దిమ్మ వెనుక గాడి మధ్యలో కాక ఎడమ అంచును ఆనుకుని కనిపిస్తోంది. దాన్ని మణికట్టుతో సరిదిద్దుతున్నాను. చెయ్యి అలసిన కొద్దీ మళ్ళీ తన దారిన తాను పోతోంది. పాత యజమాని గ్రిప్పును, అంటే చెక్క పిడిని, తన అరచేతికి తగినట్టు అరగదీయించుకున్నాడని కొన్న వారానికి గాని నాకు అర్థం కాలేదు. బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ ఆ చెక్క ఒరుసుకుని ఎర్రటి గీత పడుతోంది. దుకాణంలో పది నిమిషాలు పట్టుకుని చూసినప్పుడు ఆ గీత పడలేదు మరి.

కొత్త గ్రిప్ తెప్పించుకోవాలా, ఉన్నదాన్నే బాగు చేసుకోవాలా అన్నది నా ప్రశ్న. దానితో పాటు, ఈ మధ్య మీలో ఎవరు ఏ తుపాకీ కొన్నారో, కొన్న తరువాత మాత్రమే మీకు తెలిసివచ్చినది ఏమిటో కూడా చెబితే నాలాంటి వారికి ఉపయోగపడుతుంది.


జవాబు – బెజవాడ రైఫిలమ్మ

మాస్టారూ, కొత్త గ్రిప్పుకు తొందరపడకండి. మా అమ్మాయి రైఫిల్ పట్టుకుంటుంది కాని, ఆమె పక్క వరుసలో నిలబడే పిస్టల్ పిల్లలను కొన్నేళ్ళుగా చూస్తున్నాను కనుక ధైర్యంగా చెబుతున్నాను: గ్రిప్పు అరగదీయడం కంటే ముందు అంటించి చూసుకోవాలి. కార్పెంటర్లు వాడే చెక్క పుట్టీ గోలీ అంత తీసుకుని, మీ అరచేయి ఆనే కుడి వైపున వెనుక భాగంలో అంటించి, తడి చేత్తో గట్టిగా పట్టుకుని ఆ ముద్ర పడనివ్వండి. వెనుక భాగం ఎడమకు జరిగిన మేరకు గొట్టం కుడికి తిరుగుతుంది. ఆరాక సన్న గరుకు కాగితంతో రుద్ది, మళ్ళీ కళ్ళు మూసుకుని చెయ్యి ఎత్తి చూసుకోండి. ఎక్కువైతే గీకేయవచ్చు. చెక్కను ముందే అరగదీస్తే మాత్రం తిరిగి రాదు. ఇంతకూ ఆ పిస్టలులో గ్రిప్ కోణాన్ని మరలతో కొంత సర్దుకునే వీలుంది. పుట్టీ కొనబోయే ముందు ఆ మరలు ఒకసారి తిప్పి చూశారా? ఒక్క జాగ్రత్త: పోటీ నియమాల ప్రకారం గ్రిప్ ఏ భాగమూ మణికట్టును ఆనుకుని ఊతం ఇవ్వకూడదు. మొత్తం పిస్టల్ 420, 200, 50 మిల్లీమీటర్ల కొలతల పెట్టెలో పట్టాలి, బరువు 1500 గ్రాములు దాటకూడదు. పుట్టీ మరీ దట్టంగా మెత్తిన పిల్లవాడి పిస్టల్ ఆ పెట్టెలో పట్టక, పోటీ ఉదయం వాళ్ళ నాన్న ఆవరణలో కూర్చుని దాన్ని చాకుతో గీకడం నేను కళ్ళారా చూశాను.

ఇక మేము కొన్నది. మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరంలో ఉంది. మొదటి రెండేళ్ళు మన దేశంలో తయారైన రైఫిలుతోనే నేర్చుకుంది. అదే మంచిదయింది కూడా, ఎందుకంటే నిలబడే తీరు కుదరకముందే ఖరీదైన రైఫిల్ చేతికిస్తే పిల్లలు తప్పు తమలో వెతకడం మానేసి మరలు తిప్పుతూ కూర్చుంటారు. క్రిందటి ఏడాది వాల్తర్ ఎల్‌జీ 400 సెకండ్ హ్యాండులో తీసుకున్నాము. అమ్మినవారు రైఫిల్ శుభ్రంగా వాడారు, పెట్టె కూడా మెరుస్తూ ఉంది, ధర కూడా న్యాయమేననిపించింది. గాలి సిలిండర్ మీద సన్నగా చెక్కిన తేదీని మాత్రం మేమెవ్వరమూ చూడలేదు. పోటీ రైఫిళ్ళ సిలిండర్లకు గడువు తయారైన నాటి నుంచి పదేళ్ళు. ఆ తరువాత అవి గాలి కారకపోయినా, ఒత్తిడి సరిగ్గానే చూపిస్తున్నా, పరికరాల తనిఖీలో ఒప్పుకోరు. ఒప్పుకోకపోవడంలో న్యాయం ఉంది. రెండువందల బార్ల ఒత్తిడి గాలిని పిల్లల చెంప పక్కన పెట్టుకునే వస్తువు అది.

మాకు ఆ సంగతి ఒక పోటీ నాడు తనిఖీ బల్ల దగ్గర తెలిసింది. బల్ల వెనుక కూర్చున్న ఆయన భూతద్దం పెట్టి తేదీ చదివి, ఒక్క మాట కూడా కఠినంగా అనకుండా సిలిండరును పక్కన పెట్టారు. గంటన్నరలో మా అమ్మాయి వరుస. ఏ పరిచయమూ లేని విశాఖ పిల్ల ఒకతి తన రెండో సిలిండర్ తెచ్చి చేతిలో పెట్టింది. ఆ పిల్లే ఆ రోజు మా అమ్మాయి కంటే ముందు స్థానంలో నిలిచిందనుకోండి, అది వేరే సంగతి. కొత్త సిలిండర్ ధర అడిగి తెలుసుకున్నాక, సెకండ్ హ్యాండులో మేము మిగుల్చుకున్నామనుకున్న సొమ్ములో పావు వంతు పోయింది. కనుక మాస్టారూ, మీ రెండు సిలిండర్ల మీదా తేదీలు ఈ రాత్రే చూసుకోండి.

మరొకటి, రైఫిల్ బరువు. నియమం ప్రకారం గరిష్ఠంగా ఐదున్నర కిలోల వరకు ఉండవచ్చు కనుక, బరువు ఎక్కువైతే కదలిక తగ్గుతుందని చెప్పి చాలా మంది పిల్లల రైఫిళ్ళకు ఇనుప బిళ్ళలు తగిలిస్తారు. పది పాయింట్ల వలయం వ్యాసం అర మిల్లీమీటరు మాత్రమే. ఆ చుక్కను ఆశపడి నలభై ఐదు కిలోల పిల్ల నడుము మీద ఐదు కిలోలు పెడితే, మూడో నెలకు ఫిజియోథెరపీకి తిరగవలసి వస్తుంది. మేము బిళ్ళలన్నీ తీసేశాము. స్కోరు మొదట తగ్గి, ఆరు వారాలకు పాత చోటికే వచ్చింది.

ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్ కొనాలా, మెకానికల్ కొనాలా అని అడిగేవారికి నా అభిప్రాయం మెకానికల్ వైపే. టోక్యో ఒలింపిక్స్‌లో మను భాకర్ పిస్టల్ పోటీ మధ్యలో మొరాయించి, ఆమె నిమిషాలకు నిమిషాలు పోగొట్టుకుని, కొద్ది పాయింట్ల తేడాతో ఫైనల్ తప్పిపోవడం మనమందరం చూసిందే. అదే మను భాకర్ 2024లో పారిస్‌లో రెండు కాంస్యాలు గెలిచింది కదా అంటారు మా ఆయన. నిజమే కాని, ఆ పిస్టల్ బాగు చేసేవారు ఆమె వెంట ఉంటారు. మా వెంట ఉండేది మా తమ్ముడి స్క్రూడ్రైవరే.


జవాబు – జంట గొట్టాలు

బెజవాడ చెల్లెమ్మ గారి జవాబు చదివాక నా సంగతి కూడా చెప్పాలనిపించింది. నేను కరీంనగర్ వైపు వాడిని, వకీలుగా పని చేసి విరమించుకున్నాను. నాది నిజానికి కొనుగోలు కాదు, వారసత్వం. మా నాన్నగారి పన్నెండు బోరు జంట గొట్టాల తుపాకీని ఈ ఏడాది నా పేరు మీదికి మార్పించుకున్నాను. నాన్నగారు ఇంకా ఉన్నారు, ఎనభై రెండేళ్ళు. లైసెన్సుదారు మరణించాకే తుపాకీ వారసులకు వస్తుందని చాలా మంది అనుకుంటారు. 2016 నియమావళిలోని 25వ నియమం ప్రకారం, లైసెన్సుదారుకు డెబ్బై ఏళ్ళు నిండినా, లేదా ఆ తుపాకీ ఆయన దగ్గర ఇరవై ఐదేళ్ళు ఉన్నా, ఆయన బతికి ఉండగానే వారసుడు దరఖాస్తు చేసుకోవచ్చు. భద్రతా శిక్షణ ధ్రువపత్రం, తుపాకీని ఇంట్లో ఎక్కడ ఎలా భద్రపరుస్తామో రాసి ఇచ్చే హామీపత్రం, పోలీసు విచారణ, అన్నీ మామూలు దరఖాస్తుకు ఉన్నట్టే ఉంటాయి. ఒక్కటి గుర్తుంచుకోవాలి. 2019 సవరణ తరువాత ఒక వ్యక్తి దగ్గర రెండు తుపాకులకు మించి ఉండకూడదు. అంతకు ముందు మూడు ఉండేవి. నా పేరు మీద అప్పటికే రెండు ఉన్నాయి కనుక, నేను ఎన్నడూ పేల్చని .315 రైఫిలును వదులుకోవలసి వచ్చింది. వదులుకోవడం కూడా ఊరికే జరగదు. సొంత తుపాకీని అర్హుడైన మరొకరికి అమ్మాలన్నా జిల్లా మేజిస్ట్రేటుకో దగ్గరి పోలీసు ఠాణాకో రాతపూర్వకంగా తెలిపి నలభై ఐదు రోజులు ఆగాలి. అడ్వాన్సు పుచ్చుకుని వారంలో చేతులు మార్చుకుందామని చూసేవారు ఈ లెక్క మరిచిపోకూడదు.

ఇక తెలిసివచ్చిన సంగతి. మా తుపాకీ బర్మింగ్‌హాంలో తయారైనది. తాతగారు కొన్నారు, నాన్నగారు వాడారు. ఏటా దసరాకు ఆయుధ పూజలో దాన్ని పీట మీద పడుకోబెట్టి, పసుపు నీళ్ళు చల్లి, గొట్టాల మీద మూడు చోట్ల కుంకుమ బొట్లు పెట్టి, సాయంత్రం దాకా అలాగే ఉంచడం మా ఇంటి ఆచారం. మార్పిడికి ముందు దాన్ని హైదరాబాదులో పనితనం తెలిసిన ఒక మరమ్మతుదారు దగ్గరికి తీసుకువెళ్ళాను. ఆయన దీపం కింద గొట్టాన్ని తిప్పుతూ, సరిగ్గా ఒక జానెడు ఎడంతో మూడు చోట్ల గుంటలు పడ్డ తుప్పు మచ్చలను చూపించి, "మీ ఇంట్లో పూజ ఘనంగా చేస్తారా?" అని అడిగారు. అరవై ఏళ్ళ బొట్లు ఇనుములోకి దిగి ఉన్నాయి. ఇప్పుడు బొట్టు భుజానికి ఆనే మడమ చెక్కకు పెడుతున్నాము, పూజ అయిన వెంటనే తుడిచి నూనె రాస్తున్నాము. నాన్నగారు మొదట నొచ్చుకున్నారు, తరువాత గుడ్డ తామే పట్టుకున్నారు.

అంతకంటే ముఖ్యమైనది తూటా గది, అంటే గొట్టం మొదట్లో తూటా కూర్చునే చోటు, దాని పొడవు. పాత ఇంగ్లీషు తుపాకులలో చాలా వాటికి గది రెండున్నర అంగుళాలు, అంటే 65 మిల్లీమీటర్లు మాత్రమే ఉంటుంది. ఇప్పుడు దొరికే తూటాలలో చాలా వాటి పొడవు 70 మిల్లీమీటర్లు. పొడవైన తూటా పొట్టి గదిలోకి దూరదు కదా, దూరకపోతే తెలిసిపోతుంది కదా అనుకుంటాము. అక్కడే మోసం ఉంది. తూటా పొడవును పేలిన తరువాత విచ్చుకున్న కొలతగా చెబుతారు. పేలకముందు దాని మూతి లోపలికి మడిచి ఉంటుంది కనుక పొట్టిగానే ఉండి, గదిలోకి సాఫీగా జారిపోతుంది. పేలినప్పుడు ఆ మడత పూర్తిగా విచ్చుకోవడానికి చోటు లేక, గొట్టం మొదట్లో ఇరుకై, ఒత్తిడి ఒక్కసారిగా పెరుగుతుంది. నాన్నగారు పాత పొట్టి తూటాలు వాడారు కనుక ఏమీ కాలేదు. నేను తెచ్చి బీరువాలో పెట్టిన రెండు పెట్టెలు పొడవువి. ఆ మరమ్మతుదారు కొలిచి చెప్పకపోతే వాటినే పేల్చి ఉండేవాడిని. కాబట్టి తాతల నాటి తుపాకీ చేతికి వచ్చినవారు గొట్టాల అడుగున ఉన్న పరీక్ష ముద్రలు చదివించండి, గది కొలిపించండి. గొట్టాల మీద నీటి అలల్లాంటి చారలు కనిపిస్తే అవి ఇనుము, ఉక్కు పట్టీలు మెలిపెట్టి అతికిన డమాస్కస్ గొట్టాలు కావచ్చు. నల్ల తుపాకీమందు కాలం నాటి ఆ పనితనాన్ని గోడకు పెట్టుకుని చూడవచ్చు గాని, నేటి తూటాలు మాత్రం వాటిలో పెట్టకండి.

తుపాకీ పెట్టి ఏం చేస్తారని అడిగేవారికి ముందే చెబుతున్నాను, వేటకు కాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1991లో సవరణ వచ్చాక వేట అన్న మాటే లేదు. మా మక్క చేలను అడవి పందులు పాడు చేస్తున్నా, అధికారుల అనుమతి లేకుండా వాటి మీద పేల్చడానికి వీలు లేదు. నాకు మట్టి పళ్ళాలను ఎగరేసి కొట్టే ట్రాప్ పోటీలు చూడడం ఇష్టం. హైదరాబాదు వాడైన కినాన్ చెనాయ్ హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో కాంస్యం గెలిచినప్పటి నుంచి, అరవై దాటిన వాడిని కూడా ఒక పళ్ళెమైనా పగలగొట్టకపోతానా అని చూస్తున్నాను. ఇప్పటికి పాతికకు పదకొండు.


జవాబు – కిటికీ పక్కవాడు

పెద్దలు మన్నించాలి. ఎవరు ఏం కొన్నా సంతోషమే గాని, తుపాకీ ఫోటోలు పెట్టేటప్పుడు దాని మీది సంఖ్య, లైసెన్సు పుస్తకంలోని చిరునామా కనిపించకుండా చూసుకోండి. నిరుడు ఒక మిత్రుడు తన కొత్త రివాల్వరును లైసెన్సు పుస్తకం మీద అందంగా అమర్చి ఫోటో తీసి పెట్టాడు. ఇంటి నంబరుతో సహా చదవడానికి వీలుగా ఉంది. దొంగలకు ఇంతకంటే మంచి ఆహ్వానపత్రిక ఉండదు. అలాగే బారాత్‌లలో గాలిలోకి పేల్చిన వీడియోలు ఇక్కడికి తేవద్దు. 2019 సవరణ ప్రకారం సంబరాల కాల్పులకు రెండేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.


జవాబు – డాలస్ తాత మనవడు

వకీలు గారూ, మీ మూడు బొట్ల తుప్పు చదివి మా తాతగారి ఇంటి గోడ గుర్తొచ్చింది. నేను గుంటూరు జిల్లా నుంచి వచ్చి పదహారేళ్ళుగా టెక్సాస్‌లో ఉంటున్నాను. ఇక్కడ తుపాకీ కొనడం కూరగాయలు కొన్నంత సులువని మన ఊళ్ళలో అనుకుంటారు. అమెరికా పౌరులకు, గ్రీన్ కార్డు ఉన్నవారికి అది కొంతవరకు నిజమే. మనవాళ్ళలో ఎక్కువ మంది ఉండే వీసాల మీద ఉన్నవారికి మాత్రం అసలు నిజం కాదు. హెచ్-1బీ, ఎఫ్-1 వంటి వలసేతర వీసాల మీద ఉన్నవారు తుపాకీ గాని తూటా గాని కలిగి ఉండడాన్ని సమాఖ్య చట్టం నిషేధిస్తుంది. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు ఉండడం వంటి కొద్దిపాటి మినహాయింపులు మాత్రమే ఉన్నాయి. దుకాణంలో నింపే 4473 నంబరు పత్రంలో ఈ ప్రశ్న సూటిగా అడుగుతారు. అక్కడ అబద్ధం రాయడం మరో పెద్ద నేరం. కొనకపోయినా, వారాంతంలో రేంజికి వెళ్ళి అద్దె తుపాకీ పట్టుకుని ఫోటో దిగడం కూడా చేతిలో కలిగి ఉండడం కిందికే వస్తుందని చాలా మంది పిల్లలకు తెలియదు. మా సంఘం పిక్నిక్కులో కొత్తగా వచ్చిన విద్యార్థులకు ఈ మాట చెబితే, నన్ను చాదస్తుడిని చూసినట్టు చూశారు.

నేను గ్రీన్ కార్డు వచ్చేదాకా ఆగి, గత శరదృతువులో మొదటి తుపాకీ కొన్నాను. రూగర్ 10/22. 1964 నుంచి వస్తున్న .22 రైఫిల్ అది, పది తూటాలు పట్టే గుండ్రటి మ్యాగజైన్ కడుపులోనే ఇమిడి ఉంటుంది. నేపథ్య పరిశీలన కొద్ది నిమిషాల్లో ముగిసింది. పత్రం నింపడానికే ఎక్కువ సేపు పట్టింది. తూటా చవక, దెబ్బ తక్కువ, కనుక నేర్చుకునేవారికి ఇంతకంటే నయమైనది నాకు కనిపించలేదు.

తెలిసివచ్చింది రెండో వారంలో. చాలా రైఫిళ్ళలో చివరి తూటా పేలాక, తూటాను గదిలోకి నెట్టే బోల్టు వెనక్కి నిలిచిపోయి, లోపల ఖాళీ అని కంటికి తెలుస్తుంది. ఈ రైఫిల్‌లో చివరి గుండు తరువాత కూడా బోల్టు మూసుకునే ఉంటుంది. పది పేల్చానా, తొమ్మిది పేల్చానా అన్న లెక్క తప్పితే చెప్పేవారు లేరు. నేను మ్యాగజైన్ తీసేసి, ఖాళీ అయిందని రైఫిల్ బల్ల మీద పెట్టాను. పక్కనున్న రేంజి పెద్దాయన ఏమీ అనకుండా వచ్చి, బోల్టు వెనక్కి లాగారు. గోరంత పొడవున్న పసుపు రంగు తూటా ఒకటి ఎగిరి సిమెంటు నేల మీద పడి, దొర్లుకుంటూ నా బూటు దగ్గర ఆగింది. మ్యాగజైన్ తీసినంత మాత్రాన గదిలో ఉన్నది పోదు. చదువుకోవడానికి వచ్చిన మన పిల్లలు తుపాకీ శుభ్రం చేస్తూ ప్రాణం మీదికి తెచ్చుకున్న వార్తలు చదివినప్పుడల్లా ఆ తూటా దొర్లిన చప్పుడు వినిపిస్తుంది. ఇప్పుడు బోల్టు లాగి, చిటికెన వేలు గదిలో పెట్టి తడిమి, ఎర్రటి ప్లాస్టిక్ జెండా గుచ్చిన తరువాతే బల్ల మీద పెడుతున్నాను.

ఇంట్లో తొమ్మిదేళ్ళ కొడుకు ఉన్నాడు. పదిహేడేళ్ళ లోపు పిల్లలకు నిండు తుపాకీ అందేలా వదిలేయడం టెక్సాస్‌లో నేరం. చట్టం మాట ఎలా ఉన్నా, రైఫిల్ ధరలో సగం పెట్టి ఇనుప పెట్టె కొంటేనే ఇంట్లోకి రానిస్తానని మా ఆవిడ షరతు పెట్టింది. పెట్టె అంకెలు ఆమెకూ నాకూ మాత్రమే తెలుసు. అంకెలు పెట్టింది ఆవిడే కనుక, నిజానికి నేను ఆమెను అడిగి తెరుచుకుంటున్నాను.


జవాబు – ప్రొద్దుటూరు తక్కెడ

మాది బంగారం వ్యాపారం. ఆత్మరక్షణ లైసెన్సు మీద కాన్పూరులో తయారైన .32 రివాల్వరు ఒకటి ఉంది. క్రీడాకారుల మధ్య నా మాట కాస్త ఎడంగా ఉంటుందేమో గాని, ఇలాంటిది కొనబోయేవారు ఉంటారని రాస్తున్నాను. మన దేశంలో మామూలు పౌరులకు 9 మిల్లీమీటర్లు, .38 వంటివి నిషిద్ధ బోర్లు, అంటే గొట్టం లోపలి కొలతలు. చేతి తుపాకీ అంటే ఎక్కువగా దొరికేవి .32, .22. విదేశీ తుపాకుల దిగుమతి సామాన్యులకు 1980లలోనే ఆగిపోయింది కనుక, పాత వెబ్లీలకు, వాల్తర్లకు విపరీతమైన ధరలు చెబుతారు. పేరు చూసి మోజుపడి కొనవద్దని నా సలహా. స్ప్రింగులు అరిగిపోతే విడిభాగాలు ఎక్కడి నుంచి తెస్తారు?

నాది నడుము దగ్గర విరిచి తెరిచే పాత పద్ధతిది. 2023లో కాన్పూరు నుంచే వచ్చిన ప్రబల్ రివాల్వరులో తూటాల చక్రం పక్కకు తెరుచుకుంటుంది. చేతిలో పట్టి చూశాను, నింపడం తేలికగా ఉంది. మార్చుకుందామని ఆలోచిస్తూ ఉండగానే 2025 సెప్టెంబరు 22 నుంచి రివాల్వర్లు, పిస్టళ్ళ మీద జీఎస్‌టీ 28 శాతం నుంచి 40కి పెరిగింది. ఆలోచన అక్కడే ఆగింది.

కొన్నాక తెలిసింది రెండు. ఒకటి, గుర్రాన్ని, అంటే తూటాను వెనుక నుంచి కొట్టే సుత్తిని, వేలితో వెనక్కి లాగకుండా నేరుగా ట్రిగ్గర్ నొక్కి పేల్చాలంటే ఎంత బలం కావాలో. దుకాణంలో ఖాళీ రివాల్వరును నొక్కి చూసి బాగుందనుకున్నాను. రేంజిలో ఏడు మీటర్ల దూరంలోని మనిషంత లక్ష్యానికి మొదటి ఆరింటిలో రెండే తగిలాయి, మిగతావి కింది ఎడమ మూలన ఇసుకలో కలిశాయి. ఏడాదికి ఒక్కసారైనా సాధన చేయని వారి నడుముకు ఈ బరువు ఎందుకో నాకు అర్థం కాదు. రెండు, ఎన్నికలు. 2024లో మార్చి 16న ఎన్నికల నియమావళి అమల్లోకి రాగానే రివాల్వరును ఠాణాలో అప్పగించి రసీదు తీసుకున్నాను. ఫలితాలు వచ్చిన తరువాత జూన్‌లో తిరిగి ఇచ్చారు. ఎండాకాలం అంతా గోనె సంచిలో ఉన్న రివాల్వరు చక్రం తిరగడానికే మొరాయించింది. అది ఏ ఠాణా అన్నది అప్రస్తుతం. అప్పగించే ముందు నూనె దట్టంగా పట్టించి, నూనె గుడ్డలో చుట్టి, ఆ పైన ప్లాస్టిక్ సంచిలో పెట్టి ఇవ్వండి, రసీదు మీద తుపాకీ సంఖ్య సరిగ్గా రాశారో లేదో అక్కడే నిలబడి చదువుకోండి. నా రసీదులో ఒక అంకె తారుమారైంది. దాన్ని దిద్దించడానికి మూడు రోజులు తిరిగాను.


ప్రశ్న అడిగినవారు – ఓరుగల్లు గురి

అందరికీ కృతజ్ఞతలు. పది రోజుల తరువాత రాస్తున్నాను.

రైఫిలమ్మ గారూ, ముందు మరలు తిప్పి చూశాను, సగం దారి అక్కడే కలిసివచ్చింది. మిగతా సగానికి నాలుగు దఫాలుగా పుట్టీ అంటించాను. మొదటి రెండు దఫాలు ఎక్కువైపోయి గీకవలసి వచ్చింది. గరుకు కాగితం పొడి మా భోజనాల బల్ల మీద పడినందుకు ఇంటి రంగుల చర్చ మళ్ళీ మొదలైంది. చేతి మీది ఎర్ర గీత పోయింది. కళ్ళు తెరిచినప్పుడు ముందు గురి గాడి మధ్యలో, అటూ ఇటూ సమానమైన వెలుతురుతో కనిపిస్తోంది. నిన్న అరవై గుళ్ళకు 546 వచ్చాయి. చివరి ఇరవైలో మూడే ఎడమకు పోయాయి, వాటిలో ఒకటి నేను ట్రిగ్గర్ కుదపడం వల్ల పోయిందే.

సిలిండర్ల తేదీలు మీరు చెప్పిన రాత్రే చూశాను. ఒకదానికి ఇంకా నాలుగేళ్ళు ఉన్నాయి. రెండోదానికి వచ్చే మార్చితో పదేళ్ళు నిండుతాయి. అమ్మినాయనకు ఫోన్ చేసి అడిగితే, తనకు ఆ తేదీ సంగతే తెలియదని ఒట్టు పెట్టుకుని, కొంత తర్జనభర్జన తరువాత ఐదువేలు తిరిగి పంపించారు. ఆ ఐదువేలతో వీధి వైపు గోడకు మాత్రం సున్నం కొట్టిస్తున్నాము.